కార్డు కనిపిస్తోంది, వైఫై మాత్రం లేదు

రాత్రి పదకొండు దాటాక మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, లాప్‌టాప్‌లో లినక్స్ వేశాను. వైఫై అసలు ఆప్షనే కనిపించట్లేదు."

ఇప్పటిదాకా ఏం చేశావురా అని అడిగితే పెద్ద చిట్టా విప్పాడు. ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో ఎప్పటిదో ఉన్న ఐఎస్ఓతో, అంటే ఇన్‌స్టాలర్ ఫైల్‌తో, ఇన్‌స్టాల్ చేశాడు. వైఫై రాలేదు. నెట్‌లో దొరికిన డ్రైవర్ (పరికరాన్ని నడిపించే ప్రోగ్రామ్) కోడ్ దింపి కంపైల్ చేశాడు, అంటే నడిచే రూపంలోకి మార్చాడు. పని చేయలేదు. ఇంకొకరి కోడ్ దింపాడు. అదీ అంతే. మధ్యలో ఎవరో వీడియోలో చెప్పారని ఏదో ఫైల్లో నాలుగు లైన్లు చేర్చాడు. ఏ ఫైలో, ఏం లైన్లో ఇప్పుడు గుర్తులేదు. తర్వాత ఫోన్ నెట్‌తో సిస్టమ్ మొత్తం అప్‌డేట్ చేశాడు. "మళ్లీ మొదటినుంచి వేసేయనా?" అన్నాడు చివరికి.

వద్దన్నాను. ఒక్క కమాండ్ కొట్టి స్క్రీన్ ఫోటో వాట్సాప్‌లో పంపమన్నాను.

"డ్రైవర్ ప్రాబ్లం" అని మనం ఒకే పేరుతో పిలిచేదాంట్లో నాలుగైదు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకదాని మందు ఇంకొకదానికి వాడితే తగ్గకపోవడమే కాదు, అప్పటిదాకా లేని జబ్బు కొత్తగా పట్టుకుంటుంది. మావాడికి సరిగ్గా అదే అయింది. ఎక్కడ తెగిందో చూసుకోకుండా ముడి వేయబోతే ఎవరికైనా ఇంతే.

ముందు విండోస్ అలవాటు ఒకటి మరిచిపోవాలి. విండోస్‌లో ఏదైనా పని చేయకపోతే కంపెనీ వెబ్‌సైట్‌కి వెళ్లి, మోడల్ నంబర్ కొట్టి, డ్రైవర్ దింపుకుని డబుల్ క్లిక్ చేస్తాం. లినక్స్‌లో మొదట చేయాల్సిన పని అది కాదు. ఇక్కడ డ్రైవర్లలో చాలా భాగం కెర్నల్‌లోనే, అంటే సిస్టమ్ గుండెకాయలోనే ఉంటాయి, దానితో పాటే వస్తాయి. కెర్నల్ సోర్స్ కోడ్‌లో సగానికి పైగా డ్రైవర్లే. అన్నీ ఒకేసారి మెమరీలోకి ఎక్కవు. మాడ్యూళ్లుగా, అంటే విడి ఫైళ్లుగా డిస్క్ మీద పడి ఉంటాయి. ఏ పరికరం కనబడితే దాని మాడ్యూల్ లేచి వస్తుంది.

ఎవరి వంతో ఎలా తెలుస్తుంది? పీసీఐ (కార్డులు మదర్‌బోర్డుతో మాట్లాడే దారి) మీదున్న ప్రతి కార్డుకూ ఇంటిపేరూ పేరూ లాగా రెండు నంబర్లుంటాయి. ఇంటిపేరు తయారీ కంపెనీది, పేరు ఆ చిప్‌ది. ఇంటెల్ ఇంటిపేరు 8086. అవును, 1978లో వచ్చిన వాళ్ల ప్రాసెసర్ నంబరే. సరదాకి పెట్టుకున్నట్టున్నారు. ప్రతి మాడ్యూల్ కూడా "ఈ ఇంటిపేరు, ఈ పేరు గలవాళ్లు వస్తే నన్ను పిలవండి" అని ముందే రాసిచ్చి పెట్టుకుంటుంది. లాప్‌టాప్ ఆన్ అయినప్పుడు కెర్నల్ ఈ రెండు జాబితాలనూ సరిచూస్తుంది. కుదిరితే మాడ్యూల్ వచ్చి పరికరాన్ని పట్టుకుంటుంది. కుదరకపోతే కార్డు అక్కడే ఉంటుంది, పలకరించేవాళ్లే ఉండరు. స్టిక్కర్ మీది మోడల్ పేరు కన్నా ఈ నంబరే ముఖ్యం. ఒకే మోడల్ పేరుతో అమ్మిన రెండు లాప్‌టాప్‌లలో రెండు రకాల వైఫై కార్డులు ఉండటం మామూలే. "నాకు పని చేసింది, నీకెందుకు చేయదు" అనే గొడవల్లో సగం అక్కడే పుడతాయి.

మావాణ్ని కొట్టమన్న కమాండ్ ఎల్ఎస్‌పీసీఐ. దాని తర్వాత ఒక స్పేస్, మైనస్ గుర్తు, ఎన్ఎన్‌కే. (కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే.) ఇది పీసీఐ పరికరాలన్నిటినీ నంబర్లతో సహా చూపిస్తుంది. ఒక్కో పరికరం కింద రెండు లైన్లు వెతకాలి: "కెర్నల్ మాడ్యూల్స్", "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్". మొదటిది ఈ పరికరాన్ని నేను చూసుకోగలను అని చెప్పిన మాడ్యూల్ పేరు. రెండోది ఇప్పుడు నిజంగా దాన్ని పట్టుకుని కూర్చున్నదాని పేరు. ఈ తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

రెండు లైన్లూ లేవంటే ఈ పరికరం ఎవరో మీ కెర్నల్‌కి తెలియదు. మొదటిది ఉండి రెండోది లేకపోతే డ్రైవర్ ఉంది కానీ రాలేదు, లేదా ఎవరో రానివ్వలేదు. రెండూ ఉంటే డ్రైవర్ పనిలోనే ఉంది, గొడవ ఇంకెక్కడో. అసలు పరికరమే లిస్టులో లేకపోతే దాన్ని బయోస్‌లో (ఆన్ చేయగానే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌లో) ఆపేసి ఉండవచ్చు, లేదా కార్డు కదిలి ఉండవచ్చు. దానికి ఏ డ్రైవర్ దింపినా లాభం లేదు.

ఒక చిన్న తిరకాసు ఉంది. అన్నీ పీసీఐలో కనబడవు. వెబ్‌క్యామ్, వేలిముద్ర సెన్సర్ సాధారణంగా యూఎస్‌బీ పరికరాలు. వాటికి ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే కమాండ్. వైఫై కార్డు మీదే ఉండే బ్లూటూత్ కూడా ఎక్కువగా యూఎస్‌బీ దారిలోనే వస్తుంది. ఒకే కార్డులో వైఫై పని చేసి బ్లూటూత్ పని చేయకపోవడం వింతగా అనిపిస్తుంది గానీ, కెర్నల్ లెక్కలో అవి రెండు వేర్వేరు పరికరాలు, ఇద్దరు వేర్వేరు డ్రైవర్లు.

ఇన్‌స్టాల్ చేసిన మొదటి రోజు మావాడి లాప్‌టాప్‌లో, నా అంచనా ప్రకారం, రెండు లైన్లూ ఉండి ఉండవు. పాత ఐఎస్ఓ, కొత్త కార్డు. కొత్త లాప్‌టాప్‌లలో ఎక్కువగా కనబడేది ఇదే. "నేను వేసింది లేటెస్ట్ వెర్షనే కదా" అని వాదించేవాళ్ల కోసం ఒక ఉదాహరణ. మీడియాటెక్ ఎంటీ7921 అనే వైఫై చిప్‌కు డ్రైవర్ 5.12 కెర్నల్‌లో చేరింది. ఆ కెర్నల్ 2021 ఏప్రిల్‌లో వచ్చింది. డెబియన్ అనే డిస్ట్రో (లినక్స్‌లో ఒక రకం) 11వ వెర్షన్ విడుదలైంది అదే ఏడాది ఆగస్టులో, అంటే నాలుగు నెలల తర్వాత. కానీ దాని లోపలున్నది 5.10 కెర్నల్. స్థిరంగా ఉండాలని ముందే ఒక వెర్షన్ దగ్గర గిరి గీసుకుంటారు మరి. అప్పుడే వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్, అప్పుడే కొన్న లాప్‌టాప్, అయినా వైఫై లేదు. తప్పు ఎవరిదీ కాదు, తేదీలు కుదరలేదంతే. బ్యాక్‌పోర్ట్స్ (పాత వెర్షన్ వాళ్ల కోసం కొత్త ప్యాకేజీలు ఉంచే చోటు) నుంచి కొత్త కెర్నల్ తెచ్చుకుంటే తీరిపోయే సమస్యకు ఎంతమంది ఎన్ని రాత్రులు కోడ్ కంపైల్ చేస్తూ గడిపారో.

ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్లు అప్‌డేట్లు వచ్చే వెర్షన్) వాళ్లకు ఈ తిప్పలు కాస్త తక్కువ. 24.04 మొదట 6.8 కెర్నల్‌తో వచ్చింది. తర్వాత హెచ్‌డబ్ల్యూఈ అనే దారిలో 6.11, 6.14 కూడా ఇచ్చారు. సిస్టమ్ అదే, కెర్నల్ మాత్రం కొత్తది. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా తేల్చుకోవాలంటే అన్నిటికన్నా చవకైన పరీక్ష ఒకటుంది. ఏదైనా డిస్ట్రో తాజా వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో వేసి, లైవ్‌గా బూట్ చేసి చూడండి. అక్కడ వైఫై వస్తే మీకు కావలసింది కొత్త కెర్నలే. అక్కడా రాకపోతే వేరే దారి చూడాలి.

కెర్నల్ కొత్తదే, డ్రైవర్ ఉంది, అయినా పని చేయట్లేదు అంటే డీమెసేజ్ చదవాలి. డీ ఎమ్ ఈ ఎస్ జీ అని టైప్ చేయాలి, ముందు సుడో (అడ్మిన్ అధికారంతో నడపమనే మాట) చేర్చి. కెర్నల్ బూట్ అయినప్పటినుంచి తనలో తాను గొణుక్కున్నదంతా అందులో ఉంటుంది. వేలాది లైన్లు చూసి భయపడక్కర్లేదు. మీ డ్రైవర్ పేరుతో, లేదా ఫర్మ్‌వేర్ అనే మాటతో వెతకండి. ఇక్కడే చాలామందికి రెండో జబ్బు బయటపడుతుంది: "డైరెక్ట్ ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిల్డ్ విత్ ఎర్రర్ మైనస్ 2".

డ్రైవర్ వేరు, ఫర్మ్‌వేర్ వేరు. డ్రైవర్ మీ ప్రాసెసర్ మీద నడుస్తుంది. ఫర్మ్‌వేర్ వైఫై కార్డు లోపలున్న బుల్లి ప్రాసెసర్ మీద నడుస్తుంది. చాలా కార్డులు దాన్ని తమలో దాచుకోవు; ఆన్ అయినప్పుడల్లా డ్రైవర్ డిస్క్ నుంచి తీసి తినిపించాలి. ఆ ఫైలే లేకపోతే డ్రైవర్ ఉన్నా కార్డు ఆకలితో పడుకుంటుంది. మైనస్ 2 అంటే "ఆ ఫైల్ లేదు" అని అర్థం, అంతకన్నా రహస్యం లేదు. ఉబుంటులో లినక్స్ ఫర్మ్‌వేర్ అనే ప్యాకేజీ వేస్తే తీరుతుంది. మిగతా డిస్ట్రోల్లోనూ ఇలాంటి పేర్లే ఉంటాయి.

డెబియన్‌లో ఇది కొన్నేళ్ల పాటు పెద్ద తలనొప్పి. ఫర్మ్‌వేర్ సోర్స్ కోడ్ కంపెనీలు ఇవ్వవు కాబట్టి అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదని, అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టేవాళ్లు కాదు. వైఫై రావాలంటే ఫర్మ్‌వేర్ దింపాలి, దింపాలంటే వైఫై కావాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. 2022 అక్టోబర్‌లో డెబియన్ సభ్యులు దీని మీద ఓటు వేసుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ ఉంటోంది. సిద్ధాంతం మీద నిలబడ్డవాళ్లంటే నాకు గౌరవమే. కానీ ఆ ఓటు గెలిచినందుకే నాకు ఎక్కువ సంతోషం.

నెట్ లేక ఆగిపోయినప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. దానికి కావలసిన డ్రైవర్ కెర్నల్‌లో ఎప్పటినుంచో ఉంది. మావాడూ అలాగే అప్‌డేట్ చేసుకున్నాడు.

డీమెసేజ్‌లో తరచూ కనబడే ఇంకో నంబరు మైనస్ 110. టైమవుట్ అన్నమాట, డ్రైవర్ అడిగింది, పరికరం సమయానికి జవాబివ్వలేదు. విండోస్ పక్కన లినక్స్ పెట్టుకున్నవాళ్లు ఇది కనబడితే ముందు ఫాస్ట్ స్టార్టప్‌ను అనుమానించాలి. విండోస్‌లో షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి వెళ్తుంది. కార్డును ఏ స్థితిలో వదిలిందో లినక్స్‌కు తెలియదు. విండోస్‌లో ఆ ఆప్షన్ తీసేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

డ్రైవర్, ఫర్మ్‌వేర్ రెండూ బాగుండి కూడా వైఫై ఆన్ కాకపోతే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ అనే కమాండ్ కొట్టండి. సాఫ్ట్ బ్లాక్ అయితే సాఫ్ట్‌వేర్ ఆపింది, ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్ అంటే పోతుంది. హార్డ్ బ్లాక్ అంటే పక్కనున్న స్విచ్చో, కీబోర్డు మీది విమానం బొమ్మ మీటో ఆపింది. నేను ఒకసారి గంటసేపు లాగ్‌లు చదివి, చివరికి లాప్‌టాప్ అంచున చిన్న స్విచ్ కనిపెట్టాను. అది ఎవరికీ చెప్పలేదు.

మావాడి ఫోటో వచ్చింది. కార్డు ఉంది, నంబరుంది. కెర్నల్ మాడ్యూల్స్ లైన్ ఉంది. డ్రైవర్ ఇన్ యూజ్ లేదు. అంటే అప్‌డేట్‌తో వచ్చిన కొత్త కెర్నల్‌కు ఈ కార్డు తెలుసు. తెలిసీ ఎందుకు పట్టుకోలేదు?

"మొదట కంపైల్ చేసినప్పుడు ఎర్రర్ ఏమైనా వచ్చిందా?" అని అడిగాను. కంపైల్ బాగానే అయిందట. లోడ్ చేయబోతే మాత్రం "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని వచ్చిందట. "అదేదో నెట్ ప్రాబ్లం అనుకున్నా మామయ్యా."

అది సెక్యూర్ బూట్ మాట. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఉబుంటు, ఫెడోరా లాంటి డిస్ట్రోల కెర్నల్, డిజిటల్ సంతకం లేని మాడ్యూళ్లను గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. డిస్ట్రోతో వచ్చిన మాడ్యూళ్లకు వాళ్ల సంతకం ఉంటుంది. ఇంట్లో కంపైల్ చేసినదానికి ఎవరి సంతకం ఉంటుంది? కోడ్‌లో తప్పేం లేదు, చేతిలో గేట్‌పాస్ లేదు. వీడేమో డ్రైవరే పనికిరాదనుకుని ఇంకొకటి దింపాడు. దానికీ గేట్‌పాస్ లేదు.

దీనికి పద్ధతైన దారి ఉంది. బయటి మాడ్యూళ్ల కోసం 2003లో డెల్ వాళ్లు మొదలుపెట్టిన డీకేఎంఎస్ అనే ఏర్పాటు ఉంది. కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ను అదే మళ్లీ కంపైల్ చేస్తుంది. ఉబుంటులో అయితే ఒక డిజిటల్ తాళంచెవితో సంతకం కూడా పెడుతుంది. కానీ ఆ తాళంచెవిని మీరు ఒప్పుకున్నారని మదర్‌బోర్డుకు చెప్పాలి. అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, రీస్టార్ట్ చేయగానే నీలం రంగు స్క్రీన్ వస్తుంది. పది సెకన్లలోపు ఏదో ఒక కీ నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే (ఆ తాళంచెవిని చేర్చే ఆప్షన్) ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. నీలం స్క్రీన్ చూడగానే విండోస్ రోజులు గుర్తొచ్చి చాలామందికి టెన్షన్ పుడుతుంది. చేతులు కట్టుకుని కూర్చుంటారు, లేదా కంటిన్యూ బూట్ నొక్కేస్తారు. అవకాశం పోతుంది, డ్రైవర్ రాదు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ వేశాక పని చేయలేదనే ఫిర్యాదుల్లో ఎన్నో ఈ పది సెకన్ల దగ్గర పుట్టినవే.

ఎన్‌విడియా మాటొచ్చింది కాబట్టి చెప్పాలి. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో మాట్లాడుతూ లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు మధ్యవేలు చూపించింది ఈ కంపెనీకే. లినక్స్‌వాళ్లతో సరిగ్గా సహకరించకపోవడం వల్ల వచ్చిన కోపం అది. 2022 మేలో ఎన్‌విడియా తన కెర్నల్ మాడ్యూళ్ల కోడ్ బయటపెట్టింది, ట్యూరింగ్ తరం నుంచి వచ్చిన కార్డులకు. అయినా అవి కెర్నల్‌తో పాటు రావు, విడిగానే వేసుకోవాలి. కెర్నల్‌లో ఉన్న నూవో అనే డ్రైవర్ వేరు, ఇది వేరు. నా సలహా ఒక్కటే: కంపెనీ వెబ్‌సైట్‌లో ఉండే ఫైల్ జోలికి పోకండి, డిస్ట్రో ఇచ్చే ప్యాకేజీ వేసుకోండి. వెబ్‌సైట్ ఫైల్‌తో వేస్తే ఈ రోజు నడుస్తుంది, వచ్చే కెర్నల్ అప్‌డేట్ రోజున నల్ల స్క్రీన్ చూడాల్సి రావచ్చు. ఒకవేళ చూస్తే, గ్రబ్ (బూట్ అయ్యేటప్పుడు కెర్నల్ ఎంచుకునే) మెనూలో ఇంగ్లిష్ అక్షరం 'e' ఉన్న కీ నొక్కి, లినక్స్ అనే మాటతో మొదలయ్యే లైన్ చివర నోమోడ్‌సెట్ అని చేర్చి బూట్ చేయండి. బొమ్మ అంత బాగా ఉండదు గానీ లోపలికి వెళ్లి సరిచేసుకోవచ్చు.

సౌండ్ సంగతి వేరు. సెట్టింగ్స్‌లో డమ్మీ అవుట్‌పుట్ అని కనబడితే కిందిస్థాయిలో కార్డు దొరకలేదని అర్థం. కొత్త ఇంటెల్ లాప్‌టాప్‌లలో ఎక్కువగా సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ లేకపోవడం వల్ల ఇలా అవుతుంది. కార్డు పేరు సరిగ్గా కనబడుతూ శబ్దం రాకపోతే డ్రైవర్‌ను వదిలేయండి. ఆల్సామిక్సర్ తెరిచి, ఏదైనా గడి కింద ఎంఎం అని ఉందేమో చూడండి. అది మ్యూట్.

నిన్నటిదాకా పని చేసి ఈ రోజు ఆగిపోయిందంటే ఏదీ దింపకండి, ఏదీ తీసేయకండి. బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోండి. చాలా డిస్ట్రోలు పాతదాన్ని ఒకటైనా ఉంచుతాయి. పాతదాంట్లో పని చేస్తే నేరస్థుడు దొరికినట్టే. పరిష్కారం వచ్చేదాకా పాతదానితోనే పని నడిపించుకోవచ్చు. జర్నల్‌సీటీఎల్ అనే కమాండ్‌తో కిందటి బూట్‌లో కెర్నల్ ఏమందో కూడా చదవవచ్చు: స్పేస్, మైనస్ కే, స్పేస్, మైనస్ బీ, స్పేస్, మైనస్ 1.

ఇక మావాడు మరిచిపోయిన ఆ నాలుగు లైన్లు. ఈటీసీ ఫోల్డర్ కింద మోడ్‌ప్రోబ్ డాట్ డీ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ఏం ఉన్నాయో తేదీలతో సహా చూడమన్నాను. డిస్ట్రో పెట్టిన ఫైళ్లు కూడా అక్కడే ఉంటాయి, వాటిని ముట్టుకోకూడదు. నిన్నటి తేదీతో ఒక ఫైల్ కనబడింది. లోపల బ్లాక్‌లిస్ట్ అని నాలుగు లైన్లు. కంపైల్ చేసిన డ్రైవర్‌కు అడ్డు రాకుండా కెర్నల్ సొంత డ్రైవర్‌ను రానివ్వొద్దని ఆ వీడియోలో చెప్పారు, వీడు రాసేశాడు. ఆ రోజు కెర్నల్‌లో ఆ డ్రైవరే లేదు కాబట్టి నష్టం లేదు. తర్వాత అప్‌డేట్‌తో అసలు డ్రైవర్ ఇంటిదాకా వచ్చింది. గుమ్మం మీద వీడు రాసి పెట్టిన "లోపలికి రావద్దు" బోర్డు చూసి ఆగిపోయింది. చేత్తో కంపైల్ చేసినవేమో పాత కెర్నల్ ఫోల్డర్లోనే ఉండిపోయాయి.

ఆ ఒక్క ఫైల్ తీసేయించాను. అప్‌డేట్ ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే ఫైల్‌ను మళ్లీ తయారుచేసే కమాండ్) చేయించి రీస్టార్ట్ చేయమన్నాను. నిమిషం తర్వాత హాస్టల్ వైఫై పేర్లన్నీ వరసగా వచ్చాయట. కొత్తగా వేసింది ఏమీ లేదు, వాడు వేసినదాంట్లోంచి ఒకటి తీశామంతే.

"మామయ్యా, పనిలో పని, ఈ వేలిముద్ర కూడా పని చేసేలా చెయ్యవా?"

ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టి సెన్సర్ నంబరు చెప్పమన్నాను. లినక్స్‌లో వేలిముద్రల పని లిబ్‌ఎఫ్‌ప్రింట్ అనే లైబ్రరీ చూస్తుంది. ఏ నంబర్లకు డ్రైవర్ ఉందో వాళ్లే జాబితా ఇస్తారు. చాలా సెన్సర్లు అందులో లేవు. కంపెనీ వివరాలు చెప్పకపోతే డ్రైవర్ రాయడం చాలా కష్టం. అందుకే కొనేముందే చూసుకోమంటాను. మన షాపుల్లో డబ్బా మీద ఉబుంటు అని ఉన్న లాప్‌టాప్ అయితే దాని లోపలి భాగాలకు లినక్స్ డ్రైవర్లు ఉన్నాయని కాస్త ధైర్యం. డాస్ (పాతకాలపు ఆపరేటింగ్ సిస్టమ్) అని ఉన్నదానికి అలాంటి భరోసా ఏమీ లేదు, విండోస్ డబ్బులు తగ్గించారంతే.

వాడు నంబరు చదివాడు. నేను జాబితాలో రెండుసార్లు వెతికాను. లేదు.

"పాస్‌వర్డ్ టైప్ చేసుకోరా" అన్నాను.